బయ్యారము చెరువు ఏ శాస్త్రమునకు చెందును?

మహబూబాబాద్ జిల్లా బయ్యారములోని పెద్దచెరువు నేటికిని పొలములకు నీరిచ్చుచున్నది. దానిని త్రవ్వించినది కాకతి గణపతిదేవుని సోదరి మైలాంబ. 13వ శతాబ్దమున ఆమె అచట నిలిపిన శాసనము వెన్నభూపతి మొదలుకొని కాకతీయుల పూర్వపురుషుల వరుసను తెలుపుచున్నది. ఆ వంశపు తొలినాళ్లు చరిత్రకారులకు తేటపడుటకు ఈ రాయి ఎంతయో తోడ్పడినది.

ఇట్టి శాసనమును ఏ తరగతిలో చదువవలెను? చరిత్ర చదువువాడు రాజుల వరుసను వ్రాసికొని తృప్తి పడును. భాషాభ్యాసకుడు లిపిని, పదములను చూచును. నీరు ఏ వాలున వచ్చి చేరెను, తూము ఎచట పెట్టిరి అనునది భూగోళమువాని ప్రశ్న. కట్ట తెగినచో బాగుచేయు భారమెవరిది, దానికి ప్రతిఫలమేమి అనునది అర్థశాస్త్రము. చెరువులను కట్టి కాపాడినవారికి మాన్యమిచ్చు దశబంధమను పద్ధతి తెలుగునేలలో ఉండెడిది. ఇక రాజకుటుంబపు స్త్రీకి తన పేర ధర్మము చేయుటకు ధనమెట్లు చేకూరెనను ప్రశ్న ఒకటి మిగులును. దానిని అడుగువాడు సాధారణముగా ఎవడును ఉండడు. ఐదు శాస్త్రములకు చెందిన రాయి అగుటచే అది ఏ శాస్త్రమునకును చెందకుండ పోవుచున్నది.

డిగ్రీ చదువులలో శాస్త్రములను కలిపి బోధింపవలెనను మాట క్రొత్తది కాదు. విద్యార్థి ఏ విషయము చదివినను తక్కిన జ్ఞానశాఖల పరిచయము అతనికి ఉండవలెనని సర్వేపల్లి రాధాకృష్ణన్ అధ్యక్షతన ఏర్పడిన విశ్వవిద్యాలయ విద్యాసంఘము 1949లోనే సూచించెను. 2020 జాతీయ విద్యావిధానము ఆ మాటనే గట్టిగా పలికినది. దాని వెంట యు.జి.సి. 2022 డిసెంబరులో ప్రకటించిన చట్రములో మూడేండ్ల డిగ్రీకి 120 క్రెడిట్లు. అందు 9 క్రెడిట్లు బహుశాస్త్ర పాఠ్యములకు కేటాయింపబడినవి. తొమ్మిది తక్కువ కాదు, ఎక్కువయును కాదు. వానితో ఏమి చేయుదురనునదే అసలు సంగతి.

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి మూడును 2016 అక్టోబరులో జిల్లాలైనవి. మూడుచోట్లను కాకతీయ విశ్వవిద్యాలయ పరిధిలో ప్రభుత్వ డిగ్రీ కళాశాలలు కలవు. తండాలనుండి, గూడెములనుండి వచ్చు పిల్లలలో పెక్కురు తమ ఇంట తొలిసారి కళాశాల మెట్టెక్కినవారు. చేరిక ‘దోస్త్’ ద్వారా జరుగును, బి.ఏ.లో ఏ విషయములు కలుపుకొనవలెనో అనేక పర్యాయములు నిర్ణయించునది పిల్లవాడు కాదు, మీసేవా కేంద్రమున ఫారము నింపువాడు. చరిత్ర, అర్థశాస్త్రము, రాజనీతిశాస్త్రము ఒకే డిగ్రీలో చిరకాలముగా ఉన్నవే. కాని ముగ్గురు అధ్యాపకులు, మూడు నోటుపుస్తకములు, మూడు జవాబుపత్రములు. ఒకే పంక్తిలో కూర్చుండినంత మాత్రమున వియ్యమందినట్లు కాదు కదా!

కలుపుట ఎట్లో ఈ నేలకు తెలియనిది కాదు. జనగామ జిల్లాలోని పాలకుర్తి పాల్కురికి సోమనాథుని ఊరని పెక్కురు పండితుల మతము. ఆయన పండితారాధ్య చరిత్రలో మతవాదముతోపాటు సంగీతము, నాట్యము, ఆటలు, వైద్యము మున్నగునవి చోటుచేసికొన్నవి. పూర్వులకు సర్వము తెలియునని గొప్పలు చెప్పుకొనుటకు కాదు ఈ ప్రస్తావన. శ్రీశైలమునకు కదలిన జనమును వర్ణింపబూనిన కవికి వారి ఆటను, పాటను వదలుట వీలుకాలేదు. విషయమే ఆయనను ఆ శాఖలన్నింటికి నడిపించినది. గత శతాబ్దమున కట్టమంచి రామలింగారెడ్డిని చూడుడు. కవిత్వతత్త్వవిచారము వ్రాసిన చేయియే తెలుగున అర్థశాస్త్ర గ్రంథమును కూడ వ్రాసెను. 1926లో ఆంధ్రవిశ్వకళాపరిషత్తునకు తొలి ఉపాధ్యక్షుడైనది ఆయనయే.

అదే పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తన పంటకొరకు విసునూరు దేశ్‌ముఖ్‌ను ఎదిరించినది. 1946 జూలై 4న ఆ జిల్లాలోనిదే అయిన కడవెండిలో దొడ్డి కొమురయ్య తుపాకిగుండునకు నేలకొరిగెను. ఈ ఘట్టములను వట్టి తేదీలుగా చెప్పినచో పిల్లలకు పరీక్షవరకే గుర్తుండును. నిజాం కాలపు భూమిశిస్తు పద్ధతి, వెట్టి, కౌలు లెక్క, ఊరూర వార్తను మోసిన బుర్రకథ, వీనినన్నింటిని ఒకచోట పెట్టి చూచినప్పుడు గదా, ఒక స్త్రీ పంట చుట్టు అంత పోరాటమేల సాగెనో తెలియుట! ఉన్నత పాఠశాలలో సాంఘికశాస్త్రము చెప్పు ఉపాధ్యాయులకు ఇది అనుభవములోని సంగతియే. తమ ఊరి పేరు వినబడగానే వెనుకబెంచి సైతము మేలుకొనును.

భూపాలపల్లి జిల్లాలో 2023 అక్టోబరు 21న మేడిగడ్డ బ్యారేజీ స్తంభములు కొన్ని క్రుంగినవి. ఏల క్రుంగెనో ఇంజనీరు చెప్పవలెను. నీటిని ఎత్తిపోయుటకు విద్యుత్తు ఖర్చెంత, మహారాష్ట్రతో ఒప్పందమెట్టిది, వెనుకనీటిలో పంట మునిగిన రైతునకు పరిహారమే లెక్కన కట్టవలెను అనునవి బి.ఏ. విద్యార్థి అడుగదగిన ప్రశ్నలు.

అన్నింటిని ముట్టి దేనిలోను లోతు లేకపోవునని కొందరు అధ్యాపకుల భయము. ఆ భయము న్యాయమైనదే. పెద్దపేరు పెట్టి, తలకొక పుట చొప్పున పది విషయములు కుక్కిన పాఠ్యముకంటె పాత చరిత్ర పాఠమే మేలు. ఒక సెమిస్టరునకు ఒక చెరువు, లేదా ఒక ఊరు చాలును. అయితే ఇద్దరు అధ్యాపకులు ఒకే గదిలో నిలువవలెను; ఒకరి మాటకు మరొకరు అడ్డు చెప్పవలెను. గంటల లెక్కన వేతనము పొందు అతిథి అధ్యాపకునికి ఆ తీరిక ఎచటిది? రెండవవాడు నిలిచిన గంటకు సొమ్మెవరిచ్చెదరు? పాఠ్యప్రణాళికలు వ్రాయువారు ముందుగా వేయవలసినది ఈ లెక్క.

పరీక్షతో మరొక చిక్కు కలదు. జవాబుపత్రములు విషయముల వారీగా కట్టలు కట్టబడి మూల్యాంకనమునకు పోవును. బయ్యారము శాసనముపై ఒక బాలిక ఇరువది పుటల నివేదిక వ్రాసెననుకొందము. అది చరిత్రవారి కట్టలో పడినచో పదముల చర్చకు మార్కులుండవు; తెలుగువారి కట్టలో పడినచో తూముల లెక్కకు మార్కులుండవు. అంతర్గత మార్కులు కళాశాల చేతిలోనివే గనుక, ఆ భాగమునైనను ఇద్దరు అధ్యాపకులు ఒకే బల్లయొద్ద కూర్చుండి ఈ యేడే దిద్దవచ్చును.