గ్రంథకర్త – ప్రకాశకుడు: ఒడంబడిక స్వరూపము

కావ్యహేతువులను, గుణదోషములను మన ఆలంకారికులు విస్తరించి విచారించిరి. మమ్మటుడు కావ్యప్రయోజనములను లెక్కించుచు యశస్సు వెంటనే అర్థమును పేర్కొనెను. అయితే ఆ అర్థము కవి చేతికి ఏ మార్గమున రావలెనో చెప్పు శాస్త్రము మనకు లేదు. రాజాస్థానముల కాలమున దాని యవసరము అంతగా కలుగలేదు. అచ్చుయంత్రము వచ్చిన పిమ్మట కృతిభర్త స్థానమున ప్రకాశకుడును, కృతిసమర్పణ స్థానమున ఒడంబడికయు నిలిచినవి. ఆ ఒడంబడిక యెట్లుండవలెనో వివరించుట ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

ఆంగ్లదేశమున పందొమ్మిదవ శతాబ్దపు చివరిపాదమున గ్రంథకర్తకును ప్రకాశకునకును నడుమ సాహిత్యప్రతినిధి యను వృత్తివాడు ఏర్పడెను. లండను నగరవాసి ఏ. పి. వాట్ ఈ వృత్తికి ఆద్యుడని చెప్పుదురు. ప్రతినిధి గ్రంథకర్త పక్షమున బేరమాడి, వచ్చిన రాబడిలో కొంతవంతు తాను గైకొనును. గ్రంథకర్తకు రాబడి లేనిచో ప్రతినిధికిని లేదు. కావున ఇరువురి ప్రయోజనము నొక్కటియే. వ్రాతప్రతిని చూచుటకు ముందుగనే రుసుము కోరువానిని ప్రతినిధిగా నెంచరాదు.

తెలుగునాట ఈ వృత్తి పాదుకొనలేదు. ఏలూరిలో న్యాయవాదవృత్తిని, కవితావ్యాసంగమును జోడించి నడపిన దాసు శ్రీరాములు (1846–1908) వంటివారు అరుదు. తాడేపల్లిగూడెమునగాని, కొల్లేటి లంకగ్రామములలోగాని కూర్చుండి వ్రాయువాడు తూర్పున రాజమహేంద్రవరమునకో, పడమట విజయవాడకో తన వ్రాతప్రతిని గొనిపోయి, తన ప్రతినిధి తానే కావలసియున్నది. కావున శాసనము తనకిచ్చిన రక్షణ యెట్టిదో ఆతడు తెలిసికొనుట అత్యావశ్యకము.

పూర్వపు ముద్రణములలో ముఖపత్రముననో, దాని వెనుకనో ‘సర్వస్వామ్యసంకలితము’ అను మాట కానవచ్చును. ఆ స్వామ్యము ఎవరిది? 1957లో చేయబడి 1958 జనవరి 21 నుండి అమలునకు వచ్చిన గ్రంథస్వామ్య శాసనము ననుసరించి, సామాన్యముగ గ్రంథకర్తయే ప్రథమస్వామి. రచనతోడనే ఈ హక్కు జనించును. దీనికి రిజిస్ట్రేషను తప్పనిసరి కాదు. ఇది గ్రంథకర్త జీవితకాలమంతయు నుండి, ఆతడు గతించిన మరుసటి సంవత్సరారంభమునుండి 60 సంవత్సరములు నిలుచును. 1992 సవరణమునకు పూర్వము ఈ గడువు 50 సంవత్సరములే. కాబట్టి ఒక్కసారిగా వచ్చు కొద్ది మొత్తమునకు సర్వస్వామ్యమును వ్రాసియిచ్చువాడు తన సొత్తునే కాక, తన పుత్రపౌత్రుల సొత్తును గూడ విక్రయించుచున్నాడు.

అమ్ముట వేఱు, కౌలున కిచ్చుట వేఱు. ఈ భేదము డెల్టా ప్రాంతపు రైతునకు చెప్పనక్కరలేదు. విస్తీర్ణము, గడువు, మక్తా తేల్చుకొనక చేపలచెరువును ఇతరుల కప్పగించువాడుండడు. గ్రంథమును గూడ అట్లే, ఇన్ని ముద్రణములకు, ఇన్ని యేండ్లకు అని మితము చేసి ప్రచురణానుమతి నొసగుట క్షేమకరము.

శాసనము గ్రంథకర్తకు ఇందు తోడ్పడుచున్నది. హక్కుల బదలాయింపు వ్రాతమూలకముగ నుండి, ఇచ్చువాని సంతకమునో, ఆతడు అధికారమిచ్చిన వాని సంతకమునో కలిగియుండనిచో చెల్లదు. ఏ రచన, ఏ హక్కులు, ఎంత కాలము, ఎంత ప్రదేశము, ఎంత ప్రతిఫలము అను అంశములను పత్రమున పేర్కొనవలెను. 1994 సవరణము ననుసరించి, కాలము చెప్పనిచోట అయిదేండ్లనియు, ప్రదేశము చెప్పనిచోట భారతదేశమనియు గ్రహింపవలెను. తీసికొన్న హక్కును ఒక సంవత్సరములోపల వినియోగింపనిచో, పత్రమున వేఱుగా వ్రాసియుండననే తప్ప, అది రద్దగును. అయితే ‘శాశ్వతముగ’ అను నొక్క పదము చేరినచో ఈ అయిదేండ్ల రక్షణ తొలగిపోవును. సంతకమునకు ముందు గ్రంథకర్త వెదకి చూడవలసిన పదమిది.

రాయల్టీని గూర్చి వ్రాయునపుడు అది ముద్రితమూల్యముపైననా, కమిషను పోగా మిగిలిన సొమ్ముపైననా యని స్పష్టము చేయవలెను. ఒకే శాతము ఈ రెండు లెక్కలలో రెండు వేఱు మొత్తములగును. ముద్రించు ప్రతుల సంఖ్య, ఉచితప్రతుల సంఖ్య, ఏటేట లెక్కలు చూపవలసిన తేదీ పత్రమున నుండవలెను. అన్నిటికంటె ముఖ్యమైనది పునర్ముద్రణ నిబంధనము. ప్రతులు చెల్లిపోయిన పిమ్మట గ్రంథకర్త నోటీసు నిచ్చినను, నిర్ణీతకాలమున ప్రకాశకుడు మరల ముద్రింపనిచో హక్కులు తిరిగి గ్రంథకర్తకు సంక్రమించునని వ్రాసికొనవలెను. ఇది లేనిచో పుస్తకము అంగడిలో దొరకదు. గ్రంథకర్త మరొకచోట అచ్చువేయించుకొననులేడు.

అనువాద, నాటక, చలనచిత్ర హక్కులు ముద్రణహక్కునుండి వేఱైనవి. మొగలితుర్రు యువకుని కథయైన ‘బారిస్టరు పార్వతీశము’ ప్రథమభాగము 1924లో వెలువడెను. తొలి తెలుగు టాకీ వచ్చినది 1932లో. ఈ నవల 1940లో చిత్రమయ్యెను. తన రచన రేపు ఏ రూపమును దాల్చునో రచయిత ఊహింపజాలడనుటకు ఇది చాలిన నిదర్శనము. 2012 సవరణము ఈ విషయమున మేలు చేసినది. బదలాయింపునాటికి లేని, లేదా వ్యాపారమున వాడుకలోనికి రాని మాధ్యమమునకు, పత్రమున ప్రత్యేకముగ పేర్కొననిచో, ఆ బదలాయింపు వర్తింపదు. అక్కినేని కుటుంబరావు కొల్లేటి నవల ‘కొల్లేటి జాడలు’ వసంత కన్నబిరాన్ చేతిమీదుగా ఆంగ్లమునకు వెళ్లినది. ప్రాంతీయజీవితమును చిత్రించు రచన సయితము పరభాషకు పోగలదు గనుక అనువాదహక్కును విడిగా నిలుపుకొనవలెను.

ప్రకాశకుని ప్రతిపక్షిగ నెంచుట న్యాయము కాదు. కాగితము, అచ్చు, నిలువసరకు భారమెల్ల ఆతనిదే. శుద్ధప్రతిని సకాలమున నిచ్చుట, ప్రూఫులను జాప్యము లేక దిద్దుట, ఇతరుల రచనలనుండి గైకొన్న భాగములకు అనుమతి సంపాదించుట గ్రంథకర్త ధర్మములు. కాని ముద్రణవ్యయమంతయు గ్రంథకర్తయే భరించినచో, పెట్టుబడి ఆతనిదేగనుక, ప్రతులును, హక్కులును తనవేయని ఆతడు పత్రమున వ్రాయించుకొనవలెను.

పరిచయము, గౌరవము, మాటమీది నమ్మకము మన సాహిత్యలోకమున గొప్పవి. అవి ఒడంబడికకు అడ్డుకావు. ఇరువురును జీవించియుండగా మాట చెల్లవచ్చును. తరువాతి తరమువారికి మిగులునది వ్రాతయే.