మురిగిపోని వారెంటు

కూలి పోతుందనో, వలస వెళ్లో వాయిదా తప్పితే కోర్టు నాన్‌బెయిలబుల్ వారెంటు ఇస్తుంది. ఏళ్లు గడిచినా అది మురిగిపోదు. భారతీయ నాగరిక సురక్షా సంహిత (2023) 72వ సెక్షన్ ప్రకారం అమలయ్యేదాకా, లేదా ఇచ్చిన కోర్టే రద్దు చేసేదాకా అది బతికే ఉంటుంది. ఊరి పెద్దమనిషికి డబ్బులిస్తే మాఫీ కాదు.

పేరు, పోలీస్‌స్టేషను, కేసు సంవత్సరం తెలిస్తే ఈ-కోర్ట్స్ సైటులో కేసు ఏ కోర్టులో ఉందో వెతకొచ్చు. ఆ కోర్టులోనే, రాలేకపోయిన కారణం చెప్పి రీకాల్ పిటిషన్ వేయాలి. మేజిస్ట్రేటు రద్దు చేయొచ్చు, రిమాండుకూ పంపొచ్చు. అందుకే వకీలు లేకుండా పోవద్దు.

ఫీజు లేదని ఆగక్కర్లేదు. ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత వకీలును ఇవ్వాలని 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం చెప్తోంది. అది దయ కాదు, హక్కు. వాడవాడలో పాత కేసుల లెక్క తీయడం కూడా ఉద్యమ పనేనని మేమంటున్నాం.