కేస్ ఫీడర్

కేస్ ఫీడర్ అనగా పిస్తోలు తూటాలను తిరిగి నింపే ప్రెస్‌కు ఖాళీ ఇత్తడి గొట్టాలను (కేసులను) ఒక్కొక్కటిగా అందించే అదనపు పరికరం. పైనున్న తొట్టిలో మోటారుతో తిరిగే పళ్ళెం కేసులను వరుసపరుస్తుంది. అవి మూతి పైకి ఉండేట్లు ఒక నాళం గుండా ప్రెస్‌లోకి దిగుతాయి. నాళం నిండగానే స్విచ్ మోటారును ఆపుతుంది.

దీనివల్ల వేగం పెరుగుతుంది. అయితే పగిలిన కేసును ఈ పరికరం గుర్తించలేదు. కొన్ని రకాల కేసులలో మందు సగం కూడా నిండదు. పొరపాటున రెండుసార్లు పడితే పిస్తోలే పగిలిపోవచ్చు. అందుచేత ప్రతి కేసులోనూ మందు మట్టాన్ని కంటితో చూడాలి.

అన్ని తూటాలనూ ఇలా నింపరు. హైదరాబాదుకు చెందిన ఈషా సింగ్ 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడలలో రజతం గెలిచిన 25 మీటర్ల పిస్తోలు పోటీలో వాడేవి .22 రిమ్‌ఫైర్ తూటాలు. పేలినప్పుడు వాటి అంచు నలిగిపోతుంది. కనుక ఈ పరికరం సెంటర్‌ఫైర్ తూటాలకే ఉపయోగిస్తుంది. భారతదేశంలో 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తూటాలు తయారుచేయడం నేరం.