ఇంటి ఈత కొలను: నీటి శుద్ధి, నిర్వహణ

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
- క్లోరిన్ పనితీరుపై పి.హెచ్. ప్రభావాన్ని వివరించగలుగుతారు.
- కొలను ఘనపరిమాణాన్ని బట్టి క్లోరిన్ మోతాదును లెక్కకట్టగలుగుతారు.
- స్వేచ్ఛా క్లోరిన్‌కు, సంయోగ క్లోరిన్‌కు గల తేడాను గుర్తించగలుగుతారు.
- వడపోత యంత్రాన్ని, రసాయనాలను సురక్షితంగా వాడే పద్ధతులను తెలుపగలుగుతారు.

1. ప్రవేశిక

ఒకప్పుడు మన ఊళ్లలో ఈత నేర్చుకోవడమంటే నడుముకు సొరబుర్రలు కట్టుకుని వ్యవసాయ బావిలోకో, కాలువలోకో దిగడమే. ఇప్పుడు హైదరాబాద్ చుట్టుపక్కల మొయినాబాద్, శామీర్‌పేట వంటి చోట్ల ఫామ్‌హౌస్‌లలో సొంత ఈత కొలనులు కనిపిస్తున్నాయి. బావికీ కొలనుకూ ఒక ముఖ్యమైన తేడా ఉంది. వ్యవసాయ బావిలో మోటారు నీటిని తోడుతుంటే కొత్త నీరు ఊరుతూ ఉంటుంది. కొలనులో మాత్రం అదే నీరు నెలల తరబడి నిలిచి ఉంటుంది. అందులో దిగినవారి చెమట, మూత్రం, ఒంటికి రాసుకున్న నూనెలు, గాలికి వచ్చే దుమ్ము, ఆకులు అన్నీ అందులోనే చేరుతాయి.

ఈ నీటిని చూసి చాలామంది ఒక పొరపాటు చేస్తారు. నీరు తేటగా, నీలంగా కనిపిస్తే అది శుభ్రంగా ఉందని భావిస్తారు. వ్యాధికారక సూక్ష్మజీవులు కంటికి కనబడవు. కనుక తేటదనం వేరు, సురక్షితం కావడం వేరు. నీరు సురక్షితమో కాదో పరీక్షించి మాత్రమే చెప్పగలం. ఈ పాఠంలోని ముఖ్యాంశం ఇదే.

2. క్లోరిన్ ఎలా పనిచేస్తుంది?

బ్లీచింగ్ పౌడర్, కాల్షియం హైపోక్లోరైట్, సోడియం హైపోక్లోరైట్ ద్రావణం, ట్రైక్లోర్ బిళ్లలు వీటిలో దేన్ని నీటిలో వేసినా చివరకు హైపోక్లోరస్ ఆమ్లం ఏర్పడుతుంది. సూక్ష్మజీవులను చంపేది ప్రధానంగా ఇదే. దీనిలో కొంత భాగం హైడ్రోజన్ అయాన్‌ను కోల్పోయి హైపోక్లోరైట్ అయాన్‌గా మారుతుంది. ఈ అయాన్‌కు క్రిమి సంహారక శక్తి చాలా తక్కువ. నీటిలో ఈ రెండింటి నిష్పత్తిని పి.హెచ్. నిర్ణయిస్తుంది.

పి.హెచ్. 7.2 వద్ద దాదాపు మూడింట రెండు వంతులు హైపోక్లోరస్ ఆమ్లంగా ఉంటుంది. 7.5 వద్ద అది సుమారు సగం. 8.0 వద్ద సుమారు నాలుగో వంతు. 8.5 వద్ద సుమారు పదో వంతు మాత్రమే. అంటే మీరు వేసిన క్లోరిన్ అంతే ఉన్నా, పి.హెచ్. పెరిగే కొద్దీ దాని బలం తగ్గిపోతుంది.

ఇప్పుడు ఒక సందర్భాన్ని ఊహించండి. ఒక ఇంటివారు కొలనును బోరు నీటితో నింపారు. నీరు పచ్చబడుతోందని రోజూ బ్లీచింగ్ పౌడర్ వేస్తున్నారు. అయినా నాచు పోవడం లేదు. కారణం ఏమిటి? మన ప్రాంతంలో చాలాచోట్ల బోరు నీటిలో క్షారత్వం ఎక్కువ. దానికి తోడు బ్లీచింగ్ పౌడర్ కూడా క్షార స్వభావం గలదే. వేసిన కొద్దీ పి.హెచ్. పెరుగుతుంది, క్లోరిన్ బలం తగ్గుతుంది. ఇక్కడ కావలసింది మరింత పౌడర్ కాదు, పి.హెచ్. తగ్గించడానికి తగిన మోతాదులో ఆమ్లం. కాబట్టి ముందు పి.హెచ్.ను సరిచేయాలి, ఆ తరువాతే క్లోరిన్ సంగతి చూడాలి.

ఇంటి కొలనులో పి.హెచ్. 7.2 నుండి 7.8 మధ్య ఉండాలి. స్వేచ్ఛా క్లోరిన్ కనీసం 1 పి.పి.ఎం. ఉండాలి. సయనూరిక్ ఆమ్లం వాడే కొలనులో కనీసం 2 పి.పి.ఎం. ఉండాలి. పి.హెచ్. అటూ ఇటూ ఊగిసలాడకుండా పట్టి ఉంచేది నీటి క్షారత్వం. ఇది 80 నుండి 120 పి.పి.ఎం. ఉంటే మంచిది. తక్కువైతే వంట సోడా వేసి పెంచవచ్చు.

3. మోతాదు లెక్క

ఒక లీటరు నీటిలో ఒక మిల్లీగ్రాము పదార్థం ఉంటే దాన్ని 1 పి.పి.ఎం.గా తీసుకుంటాం.

ఉదాహరణ: కొలను పొడవు 8 మీటర్లు, వెడల్పు 4 మీటర్లు, సగటు లోతు 1.25 మీటర్లు అనుకుందాం.

ఘనపరిమాణం = 8 × 4 × 1.25 = 40 ఘనపు మీటర్లు = 40,000 లీటర్లు.

1 పి.పి.ఎం. పెంచడానికి కావలసిన క్లోరిన్ = 40,000 మిల్లీగ్రాములు = 40 గ్రాములు.

65 శాతం లభ్య క్లోరిన్ గల కాల్షియం హైపోక్లోరైట్ వాడితే 40 ÷ 0.65 = సుమారు 62 గ్రాములు కావాలి. లీటరుకు 100 గ్రాముల క్లోరిన్ గల సోడియం హైపోక్లోరైట్ ద్రావణమైతే 400 మిల్లీలీటర్లు సరిపోతుంది. అయితే ఈ ద్రావణం ఎండలో, వేడిలో నిల్వ ఉంటే త్వరగా బలం కోల్పోతుంది. కనుక కొద్దికొద్దిగా కొని, నీడలో ఉంచి వాడాలి.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 1
పొడవు 10 మీటర్లు, వెడల్పు 5 మీటర్లు, సగటు లోతు 1.2 మీటర్లు గల కొలనులో 2 పి.పి.ఎం. క్లోరిన్ పెంచడానికి 65 శాతం కాల్షియం హైపోక్లోరైట్ ఎంత కావాలి?

4. "క్లోరిన్ వాసన" దేనిది?

కొలను దగ్గర ఘాటైన వాసన వచ్చి, కళ్లు మండితే క్లోరిన్ ఎక్కువైందని అందరూ అనుకుంటారు. నిజానికి చాలా సందర్భాలలో సరిపడినంత స్వేచ్ఛా క్లోరిన్ లేదని దాని అర్థం. చెమటలో, మూత్రంలో ఉండే నత్రజని సమ్మేళనాలతో క్లోరిన్ కలిసి క్లోరమైన్లుగా మారుతుంది. దీన్నే సంయోగ క్లోరిన్ అంటారు. ఆ వాసన, కళ్ల మంట వీటివల్లనే కలుగుతాయి. క్లోరమైన్లు సూక్ష్మజీవులను చంపడంలో బలహీనమైనవి.

మొత్తం క్లోరిన్ నుండి స్వేచ్ఛా క్లోరిన్‌ను తీసివేస్తే సంయోగ క్లోరిన్ వస్తుంది. ఉదాహరణకు మొత్తం 2.0, స్వేచ్ఛా 1.5 అయితే సంయోగ క్లోరిన్ 0.5 పి.పి.ఎం. దీన్ని తొలగించడానికి దానికి పది రెట్లు, అంటే 5 పి.పి.ఎం. క్లోరిన్‌ను ఒకేసారి సాయంత్రం వేళ వేయాలి. మన 40,000 లీటర్ల కొలనుకు ఇది సుమారు 308 గ్రాముల కాల్షియం హైపోక్లోరైట్. స్వేచ్ఛా క్లోరిన్ తిరిగి మామూలు స్థాయికి దిగేవరకు ఎవరినీ నీటిలోకి దింపరాదు.

పరీక్ష విషయంలో ఒక జాగ్రత్త అవసరం. గ్రామాల్లో తాగునీటి పరీక్షకు వాడే ఆర్థోటాలిడిన్ ద్రావణం పసుపు రంగునిస్తుంది. అది మొత్తం క్లోరిన్‌నే చూపుతుంది. గులాబి రంగునిచ్చే డి.పి.డి. పరీక్ష స్వేచ్ఛా క్లోరిన్‌ను విడిగా చూపుతుంది. కొలనుకు ఇదే తగినది. క్లోరిన్ మరీ ఎక్కువగా ఉంటే ఈ గులాబి రంగు వెలిసిపోతుంది. రంగు రాలేదు కదా అని మరింత క్లోరిన్ వేయడం ప్రమాదం. అనుమానం ఉంటే నమూనాకు మంచినీరు కలిపి పలుచన చేసి మళ్లీ పరీక్షించండి. నమూనాను నీటి పైభాగం నుండి కాక, మోచేతి లోతు నుండి తీసుకోవాలి.

5. ఎండ, బోరు నీరు

సూర్యకాంతిలోని అతినీలలోహిత కిరణాలు స్వేచ్ఛా క్లోరిన్‌ను కొద్ది గంటల్లోనే విచ్ఛిన్నం చేస్తాయి. మన వేసవిలో ఉదయం వేసిన క్లోరిన్ సాయంత్రానికి చాలావరకు మిగలదు. అందుకే క్లోరిన్‌ను పొద్దుగూకాక వేయడం మేలు. సయనూరిక్ ఆమ్లం 30 నుండి 50 పి.పి.ఎం. ఉంటే అది క్లోరిన్‌ను ఎండ నుండి కాపాడుతుంది. కానీ అది మితిమీరితే క్లోరిన్ పనిని మందగింపజేస్తుంది.

ట్రైక్లోర్ బిళ్లల్లో సయనూరిక్ ఆమ్లం కలిసే ఉంటుంది. వీటి ద్వారా 10 పి.పి.ఎం. క్లోరిన్ చేరితే సుమారు 6 పి.పి.ఎం. సయనూరిక్ ఆమ్లం కూడా చేరుతుంది. రోజుకు 2 పి.పి.ఎం. చొప్పున నెల రోజులు వాడితే 36 పి.పి.ఎం. పేరుకుంటుంది. ఇది ఆవిరి కాదు. కొంత నీటిని తీసివేసి కొత్త నీరు నింపడమే దీనికి ఆచరణీయమైన మార్గం.

లవణాల విషయమూ ఇంతే. నీరు ఆవిరైనా లవణాలు మిగిలిపోతాయి. తగ్గిన నీటికి బదులు బోరు నీరు పోస్తే అవి మరింత పెరుగుతాయి. అందువల్ల టైల్స్ మీద తెల్లటి పొర కడుతుంది. కాల్షియం కఠినత్వం 200 నుండి 400 పి.పి.ఎం. మధ్య ఉండేలా చూడాలి. అలాగని వానకాలంలో కొలనును పూర్తిగా ఖాళీ చేయరాదు. భూగర్భజలం పైకి వచ్చినప్పుడు దాని ఒత్తిడికి ఖాళీ కొలను పగలవచ్చు, పైకి లేవవచ్చు.

6. వడపోత

క్లోరిన్ సూక్ష్మజీవులను చంపుతుంది, వడపోత మురికిని తొలగిస్తుంది. ఒకటి లేకుండా రెండోది సరిగా పనిచేయదు. కొలనులోని నీరంతా 6 నుండి 8 గంటల్లో ఒకసారి వడపోత యంత్రం గుండా పోవాలి. 40,000 లీటర్లను 8 గంటల్లో వడకట్టాలంటే గంటకు 5,000 లీటర్లు పంపగల మోటారు కావాలి.

ఇసుక ఫిల్టర్‌పై ఒత్తిడిని చూపే మీటరు ఉంటుంది. శుభ్రమైన స్థితిలో అది చూపిన అంకెను రాసి పెట్టుకోండి. ఒత్తిడి దానికంటే 8 నుండి 10 పి.ఎస్.ఐ. పెరిగితే ఇసుకలో మురికి నిండిందని అర్థం. అప్పుడు నీటిని వెనుకకు పంపి ఇసుకను కడగాలి. దీన్ని బ్యాక్‌వాష్ అంటారు. మోటారు ఆపిన తరువాతే వాల్వు పిడిని తిప్పాలి. గాజు గొట్టంలో నీరు తేటపడేవరకు కడిగి, మోటారు ఆపి, పిడిని రిన్స్ స్థానానికి మార్చి కొద్దిసేపు నడపాలి. చివరగా మళ్లీ మోటారు ఆపి, పిడిని వడపోత స్థానానికి తేవాలి.

వాడని కొలనుకూ వడపోత, క్లోరిన్ అవసరమే. నిలిచిన నీటిలో దోమల గుడ్లు వారం పది రోజుల్లో దోమలవుతాయి.

7. ప్రాణాలకు సంబంధించిన జాగ్రత్తలు

(అ) రసాయనాలు: ఆమ్లం, క్లోరిన్ పౌడర్ కలిస్తే విషపూరితమైన క్లోరిన్ వాయువు వెలువడుతుంది. వీటిని వేర్వేరు చోట్ల నిల్వ చేయాలి. ఒకదానికి వాడిన మగ్గు, బకెట్ మరొకదానికి వాడరాదు. ట్రైక్లోర్, కాల్షియం హైపోక్లోరైట్ కలిస్తే మంటలు, పేలుడు సంభవించవచ్చు. రసాయనాన్ని నీటిలో వేయాలి. రసాయనం మీద నీరు పోయరాదు. ఈ పనులు తరచుగా తోటమాలికో, కాపలాదారుకో అప్పగిస్తారు. వారికి చేతితొడుగులు, కళ్లద్దాలు ఇవ్వడంతోపాటు, డబ్బా మీద ఉన్న హెచ్చరికలను తెలుగులో చదివి చెప్పడం యజమాని బాధ్యత.

(ఆ) వ్యాధులు: 1 పి.పి.ఎం. క్లోరిన్, పి.హెచ్. 7.5 గల నీటిలో ఇ.కోలై బాక్టీరియా నిమిషంలోపే చనిపోతుంది. జియార్డియాకు సుమారు 45 నిమిషాలు పడుతుంది. క్రిప్టోస్పోరిడియం మాత్రం వారానికి పైగా బతుకుతుంది. కనుక విరేచనాలు ఉన్నవారు కొలనులో దిగరాదు. వెచ్చని, శుద్ధి చేయని నీటిలో పెరిగే నెగ్లీరియా ఫౌలెరీ అనే అమీబా ముక్కు ద్వారా మెదడుకు చేరుతుంది. దీనివల్ల వచ్చే వ్యాధి అరుదైనదే గాని దాదాపు ఎప్పుడూ ప్రాణాంతకమే. 2024లో కేరళలో ఈ వ్యాధితో పిల్లలు మరణించారు. తగినంత క్లోరిన్ ఉన్న నీటిలో ఇది బతకదు.

(ఇ) పిల్లలు: మునిగిపోతున్న పిల్లలు చాలాసార్లు కేక కూడా వేయలేరు. కొలనుకు నాలుగు వైపులా కనీసం 4 అడుగుల కంచె, దానంతట అదే మూసుకునే గేటు ఉండాలి. పిల్లలు నీటిలో ఉన్నంతసేపు ఒక పెద్దవారు ఫోను పక్కన పెట్టి చూస్తూ ఉండాలి. అడుగున ఉండే నీటి తూము మూత విరిగితే మోటారును వెంటనే ఆపివేయాలి. ఆ తూము లాగే బలానికి జుట్టు, కాళ్లు చిక్కుకుంటాయి. ఇటువంటి మరణాల కారణంగానే అమెరికాలో 2007లో తూము మూతలపై ప్రత్యేక చట్టం చేశారు.

(ఈ) విద్యుత్తు: మోటారుకు, దీపాలకు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. తప్పనిసరిగా ఉండాలి.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 2
కళ్లు మండుతున్న కొలనులో మొత్తం క్లోరిన్ 1.8, స్వేచ్ఛా క్లోరిన్ 1.0 పి.పి.ఎం. ఉంది. సంయోగ క్లోరిన్ ఎంత? దాన్ని తొలగించడానికి ఎంత మోతాదు వేయాలి?

8. పనుల పట్టిక

ప్రతిరోజు: పి.హెచ్., స్వేచ్ఛా క్లోరిన్ పరీక్షించి నోటు పుస్తకంలో రాయాలి, ఆకులు తీయాలి, అడుగున ఉన్న తూము స్పష్టంగా కనిపిస్తోందో చూడాలి. కనిపించకపోతే ఎవరినీ దింపరాదు.
ప్రతివారం: గోడలు రుద్దాలి, క్షారత్వం, సంయోగ క్లోరిన్ పరీక్షించాలి, ఫిల్టర్ ఒత్తిడి చూసి అవసరమైతే బ్యాక్‌వాష్ చేయాలి.
ప్రతినెల: కఠినత్వం, సయనూరిక్ ఆమ్లం పరీక్షించాలి; కంచె, గేటు, తూము మూత, ఆర్.సి.సి.బి. సరిచూడాలి.

9. సారాంశం

కొలను నీరు సురక్షితమా కాదా అన్నది కంటితో కాక పరీక్షతో తేలుతుంది. క్లోరిన్ బలం పి.హెచ్.పై ఆధారపడుతుంది. ఘాటు వాసన సంయోగ క్లోరిన్‌కు సంకేతం. ఎండ, బోరు నీరు మన ప్రాంతపు కొలనులకు ప్రత్యేక సమస్యలు. వడపోత, రసాయనాలు రెండూ సక్రమంగా ఉన్నా, కంచె, పెద్దల కాపలా లేని కొలను ప్రమాదకరమే.

మీ ప్రగతిని సరిచూసుకోండి: సమాధానాలు

1. ఘనపరిమాణం 60,000 లీటర్లు. కావలసిన క్లోరిన్ 120 గ్రాములు. కాల్షియం హైపోక్లోరైట్ సుమారు 185 గ్రాములు.
2. సంయోగ క్లోరిన్ 0.8 పి.పి.ఎం.; మోతాదు 8 పి.పి.ఎం.

నమూనా పరీక్షా ప్రశ్నలు

1. క్లోరిన్ క్రిమి సంహారక శక్తిపై పి.హెచ్. ప్రభావాన్ని వివరించండి.
2. ట్రైక్లోర్ బిళ్లలను దీర్ఘకాలం వాడటం వల్ల కలిగే సమస్యను లెక్కతో చూపండి.
3. మీ ప్రాంతంలోని ఒక కొలనును పరిశీలించి, ఈ పాఠంలోని జాగ్రత్తలలో ఏవి పాటిస్తున్నారో, ఏవి పాటించడం లేదో ఒక పేజీలో రాయండి.