వేసవిలో కరెంటు పొదుపు: పైకప్పుతో ఆరంభించండి

ఏప్రిల్, మే మాసములలో ఫ్యాను ఎంత వేగముగా తిరిగినను వేడిగాలియే వచ్చుచున్నదని చాలమంది అనుచుందురు. పగలంతయు ఎండకు కాగిన స్లాబు రాత్రి ఆ వేడిని ఇంటిలోనికి విడుచును. ఫ్యాను గదిని చల్లబరచలేదు. వంటికి గాలి తగిలించి చెమట నార్పును, అంతే. కావున ముందు చికిత్స కప్పునకు చేయవలెను.

మార్చిలోనే డాబాను ఊడ్చి, కడిగి ఆరనివ్వండి. ముందురోజే నానబెట్టి వడగట్టిన సున్నములో కొంచెము జిగురు కలిపి, ఉదయపు చల్లదనములో పూయండి. అది ఆరిన పిదప రెండవ పూత వేయండి. సున్నము కండ్లలో పడనీయకండి. తెల్లని కప్పు ఎండలో ఎక్కువ భాగమును తిప్పికొట్టును. తెలంగాణ ప్రభుత్వము 2023లో చల్లని పైకప్పుల విధానమును ప్రకటించినది ఇందుకే. గ్రామాధికారులు ముందుగా పంచాయతీ కార్యాలయమునకు, బడికి సున్నము వేయించినచో నలుగురు చూచి నేర్చుకొందురు.

ఇక లెక్క చూడండి. 75 వాట్ల పాత ఫ్యాను రోజుకు 10 గంటల చొప్పున 30 రోజులు తిరిగిన 22 యూనిట్లకు పైగా కాలును. 30 వాట్ల బి.ఎల్.డి.సి. ఫ్యానుకు 9 యూనిట్లు చాలును. కిటికీలు రాత్రి తెరచి, ఎండ ఎక్కకముందే మూయండి.

అయితే ఒక్క మాట. పొదుపు పేరుతో ముసలివారికి, పసిపిల్లలకు గాలి లేకుండ చేయరాదు. గది మరీ వేడెక్కినపుడు ఫ్యాను ఒక్కటే చాలదు. తడిగుడ్డతో వారి ఒళ్ళు తుడువండి, పెద్దలకు తరచు నీరు ఇవ్వండి. మీరు ఆపవలసిన ఫ్యాను ఖాళీ గదిలోనిది.