నెట్టు ఉంది.. సైటు తెరుచుకోదు!

కామారెడ్డిలో మెయిన్ షాపు, ఎల్లారెడ్డిలో బ్రాంచి ఉన్న సిమెంటు, ఇనుము వ్యాపారం అనుకుందాం. ఎల్లారెడ్డి గోదాంలో లారీకి లోడెక్కింది. సరుకు విలువ 50 వేలు దాటింది కాబట్టి ఈ-వే బిల్లు లేనిదే బండి కదలదు. కంప్యూటర్ ముందున్న అబ్బాయేమో ‘నెట్టొస్తలేదు సార్’ అంటాడు. నెట్ వాళ్లకు ఫోన్ చేస్తే ‘మా లైన్ బాగానే ఉంది’ అంటారు. ఇద్దరి మాటా అబద్ధం కాదు!

ఇంటర్నెట్‌లో సైట్లన్నీ నడిచేది అంకెల చిరునామాల మీదే. మనం పేరు కొడితే దాని నంబరు వెతికిపెట్టేది డీఎన్ఎస్. 1983లో పాల్ మొకాపెట్రిస్ రూపొందించిన ఏర్పాటిది. చిన్న ఆఫీసుల్లో చాలాచోట్ల ఈ పని ఫైర్‌వాలే చూస్తుంది. తనకు తెలియని పేరు వస్తే ఇంకో సర్వర్‌ను అడిగి చెబుతుంది. ఎవర్ని అడగాలో రాసిపెట్టే సెట్టింగే ‘ఫార్వార్డర్’.

చిక్కంతా అక్కడే. బ్రాంచి వాళ్లు మెయిన్ షాపు బిల్లింగ్ సర్వర్‌ను పేరుతో పిలవాలి కదా అని, సెటప్ చేసినతను ఎల్లారెడ్డి ఫార్వార్డర్‌లో కామారెడ్డి సర్వర్ నంబరొక్కటే వేసి వెళ్లిపోతాడు. రెండు ఊళ్ల మధ్య వీపీఎన్ నడిచినన్నాళ్లూ ఢోకా లేదు. కామారెడ్డిలో కరెంటు పోయి సర్వర్ ఆగిందా, ఎల్లారెడ్డిలో ఈ-వే బిల్లు పోర్టల్ కూడా తెరుచుకోదు.

కమాండ్ ప్రాంప్ట్ తెరిచి 8.8.8.8కు పింగ్ కొట్టండి. జవాబొస్తే లైన్ ఉన్నట్టే. తర్వాత ఎన్ఎస్‌లుకప్‌తో ఏదైనా సైటు పేరు అడగండి. టైమౌట్ అయితే, అదే పేరును నేరుగా 8.8.8.8ను అడగండి. అక్కడ జవాబొచ్చి ఫైర్‌వాల్ దగ్గర రాకపోతే దొంగ దొరికినట్టే. (కొన్ని ఫైర్‌వాల్స్ లోపలి కంప్యూటర్లను బయటి డీఎన్ఎస్ దాకా పోనివ్వవు. అప్పుడీ పరీక్ష ఫైర్‌వాల్ మెనూలోంచే చేయాలి.)

చాలామంది ప్రతి కంప్యూటర్లో రెండో డీఎన్ఎస్‌గా 8.8.8.8 వేసేస్తారు. ఆ పూటకు గండం గడుస్తుంది గానీ, మర్నాడు ‘బిల్లింగ్ సర్వర్ దొరకట్లేదు’ అని కొత్త పేచీ. విండోస్ ఒక్కోసారి ఆ రెండోదాన్నే పట్టుకు కూర్చుంటుంది. మీ షాపు లోపలి పేర్లు గూగుల్‌కేం తెలుసు?

అసలు మందు ‘కండిషనల్ ఫార్వార్డింగ్’. కొన్ని పెట్టెల్లో ‘డొమైన్ ఓవర్‌రైడ్’ అని ఉంటుంది. షాపు సొంత పేర్లకు మాత్రమే కామారెడ్డిని అడగమని, మిగతా వాటికి ఎల్లారెడ్డి నెట్ కంపెనీ డీఎన్ఎస్‌నో, 1.1.1.1 లాంటిదాన్నో అడగమని ఫైర్‌వాల్‌కు చెప్పాలి. 53వ పోర్టు యూడీపీకే కాదు, టీసీపీకీ తెరిచి ఉండాలి. పెద్ద జవాబులు ఆ దారినే వస్తాయి. కామారెడ్డి సర్వర్ ఫార్వార్డర్‌లో మళ్లీ ఎల్లారెడ్డి నంబరు ఉందేమో కూడా చూడండి. ఉంటే రెండూ ఒకదాన్నొకటి అడుగుతూనే ఉంటాయి.

షాపు మూసేముందు వీపీఎన్ ఓ ఐదు నిమిషాలు ఆపి, ఎల్లారెడ్డిలో ఆ రోజు తెరవని సైటు ఏదైనా తెరవండి. తెరిచినవైతే పాత జవాబే దాచిపెట్టుకుని చూపించొచ్చు. బిల్లింగ్ ఎలాగూ ఆగుతుంది, సైటు మాత్రం తెరుచుకోవాలి.