మొదటి పుస్తకం: డబ్బులు ఎవరు పెట్టాలి?

బొబ్బిలి నుంచి మాట్లాడుతున్నాను. ఈ రోజు ఎపిసోడ్ ఒక అమ్మాయి అడిగిన ప్రశ్న మీద. ఇక్కడికి దగ్గర్లోనే ఒక పల్లెలో టీచరుగా చేస్తోంది. ఇరవయ్యారేళ్లు. పన్నెండు కథలు రాసుకుంది. ఒక ఆదివారం మా ఇంటికొచ్చి, "సార్, ఒకళ్లు నా పుస్తకం వేస్తామన్నారు. నలభై వేలు కట్టమంటున్నారు. కట్టమంటారా?" అని అడిగింది.

నేను వెంటనే జవాబు చెప్పలేదు. ముందు మా ఇంటి అటక చూపించాను.

ఆ అటక మీద కట్టలు కట్టలుగా ఉన్నది నా మొదటి పుస్తకమే. పదిహేనేళ్ల కిందట నేనూ అలాగే డబ్బు కట్టాను. "మీరు రాయండి చాలు, అమ్మకం సంగతి మేం చూసుకుంటాం" అన్నారు. రెండు నెలల తర్వాత లారీ ఆఫీసు నుంచి ఫోను. ఐదొందల కాపీలూ నా పేరు మీదే వచ్చాయి. వెళ్లి ఆటోలో వేసుకొచ్చాను. మా అమ్మ గుమ్మంలో నిలబడి చూసి, "ఇన్నేటి సేత్తావురా?" అంది. దానికి నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు.

అప్పుడు నాకు తెలియని విషయం ఒక్కటే. పుస్తకం అచ్చు వేసేవాళ్లు వేరు, ప్రచురించేవాళ్లు వేరు. ప్రెస్సు మన దగ్గర డబ్బు తీసుకుని కాగితాన్ని పుస్తకం చేసి ఇస్తుంది. ప్రచురణకర్త తన డబ్బు పెడతాడు. ఆ పుస్తకం అమ్ముడుపోకపోతే నష్టం తనది, అందుకే అమ్మడానికి తిరుగుతాడు. మన డబ్బు ముందే తీసుకున్నవాడికి ఆ తొందర ఉండదు. పేరు చివర "పబ్లికేషన్స్" అని ఉన్నా సరే, డబ్బు ఎటు నుంచి ఎటు పోతోందో చూడండి. రచయిత నుంచి పోతుంటే అది సొంత ప్రచురణే.

సొంతంగా వేసుకోవడం తప్పు కాదండి. తెలుగులో ఎంతోమంది మంచి రచయితలు అలాగే వేసుకున్నారు, ఇప్పటికీ వేసుకుంటున్నారు. కానీ అది తెలిసి చెయ్యాలి. నాలాగ తెలియక చెయ్యకూడదు.

ఇది ఎలా పసిగట్టాలి? ఆ అమ్మాయికి ఒక పని చెప్పాను. "బస్సెక్కి శ్రీకాకుళం వెళ్లు. కథానిలయంలో ఒక పూట కూర్చో" అన్నాను. కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో తెలుగు కథ కోసం కట్టించిన ఇల్లు అది. అక్కడ కథల పుస్తకాలు తీసి, కథ కంటే ముందు లోపలి రెండో పేజీ చదవాలి. ఏ సంవత్సరం, ఎన్ని ప్రతులు, వెల ఎంత, ప్రచురణ ఎవరిది అన్నీ అక్కడుంటాయి. "ప్రతులకు" అన్న మాట కింద రచయిత ఇంటి చిరునామా ఉంటే ఆ పుస్తకం ఎవరి డబ్బుతో వచ్చిందో చాలావరకు తెలిసిపోతుంది. ఒక పూటలో యాభై పుస్తకాలు అలా చూస్తే, ఎవరు ఎలాంటి పుస్తకాలు వేస్తారో మీకే ఒక అంచనా వస్తుంది.

సరే, ఇప్పుడు దారి సంగతి. ఇంగ్లీషు వీడియోలు చూస్తే లిటరరీ ఏజెంటుని పట్టుకోండి, అడ్వాన్సు అడగండి అంటారు. తెలుగులో ఏజెంట్లు దాదాపు లేరు. మన దగ్గర ఏజెంటు పని చేసేది పత్రిక. ఒక సంపాదకుడు మీ కథ చదివి అచ్చేశాడంటే, ముక్కూ మొహం తెలియని మనిషి ఒకరు మీ కథని ఒప్పుకున్నట్టు. ప్రచురణకర్త మొదట అడిగేది కూడా అదే, "ఎక్కడెక్కడ వచ్చాయి?" అని. మన చాసో గారినే చూడండి. విజయనగరంలో ఉండి 1940లలో కథలు మొదలుపెట్టారు. 'చాసో కథలు' పుస్తకంగా వచ్చింది 1968లో. అన్నేళ్లూ ఆ కథలు పత్రికల్లోనే బతికాయి.

ఇప్పుడు పత్రికలు తగ్గిపోయాయి, నిజమే. నెలకో నవల వేసే 'చతుర', కథల 'విపుల' 2021లో ఆగిపోయాయి. అయినా దినపత్రికల ఆదివారం అనుబంధాలున్నాయి, 'ఈమాట', 'సారంగ' లాంటి వెబ్ పత్రికలున్నాయి, కథల పోటీలున్నాయి. ముందు ఐదారు కథలు అలా బయటికి పంపండి.

తర్వాత, ప్రచురణకర్తని ఎంచుకోవడం. అందరికీ ఒకేసారి పంపకండి. పిల్లల కథలైతే 'మంచి పుస్తకం' వాళ్లని చూడాలి. 1980లో మొదలైన హైదరాబాద్ బుక్ ట్రస్ట్ సామాజిక విషయాల మీద, అనువాదాల మీద ఎక్కువ పని చేసింది. ఎమెస్కో, విశాలాంధ్ర పాత పెద్ద సంస్థలు. అన్వీక్షికి, ఛాయ లాంటివి ఈ మధ్య కొత్త రచయితల పుస్తకాలు వేస్తున్నాయి. మీ కథలకి దగ్గరగా ఉన్న పుస్తకం ఎవరు వేశారో చూసి వాళ్లకే రాయండి. జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవానికి ఒక్కసారి వెళ్లి రండి. వీళ్లలో చాలామంది స్టాళ్ల దగ్గరే దొరుకుతారు.

ఉత్తరం ఒక పేజీ దాటకూడదు. మీరెవరు, ఎన్ని కథలు, ఎన్ని పేజీలు, ఎక్కడ అచ్చయ్యాయి, అంతే. దాంతో పాటు మీకు బాగా నచ్చిన మూడు కథలు యూనికోడ్‌లో టైపు చేసి పంపండి. అను ఫాంట్‌లో పంపితే ఆ ఫాంటు లేని కంప్యూటర్లో గజిబిజి అక్షరాలు కనిపిస్తాయి. మూడు నెలలు ఆగండి, ఒకసారి గుర్తు చెయ్యండి. జవాబు రాకపోతే ఇంకొకరికి పంపండి.

ముప్పై ఏళ్ల లోపు వాళ్లకి ఇంకో దారి ఉంది. నేషనల్ బుక్ ట్రస్ట్ 2021 నుంచి పీఎం-యువ అనే పథకం నడుపుతోంది. పుస్తక ప్రతిపాదన ఎంపికైతే ఆరు నెలలపాటు నెలకి 50,000 రూపాయలు, పెద్ద రచయిత దగ్గర శిక్షణ, ఆ తర్వాత పుస్తకం వేసి రాయల్టీ కూడా ఇస్తారు. తెలుగులో రాసేవాళ్లూ పెట్టుకోవచ్చు. ప్రకటన వచ్చినప్పుడు దాని అంశమేంటో చూసుకోండి, ప్రతిసారీ ఒకటే ఉండదు.

ఇప్పుడు అసలు ముఖ్యమైనది, ఒప్పందం. "మనవాళ్లే కదా, కాగితాలెందుకు" అనుకోకండి. మన కాపీరైట్ చట్టం 1957 నాటిది. దాని 19వ సెక్షను ప్రకారం హక్కు బదిలీ రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. ఎంత కాలమో రాయకపోతే ఐదేళ్లు అని లెక్క. ఏ ప్రాంతానికో రాయకపోతే భారతదేశం వరకే. హక్కు తీసుకుని ఏడాదిలోపు వాడుకోకపోతే, ఒప్పందంలో వేరే మాట లేనంతవరకు, ఆ హక్కు పోయినట్టే. అందుకని "అన్ని హక్కులూ శాశ్వతంగా" అన్న వాక్యం కనిపిస్తే పెన్ను పక్కన పెట్టండి. అచ్చు, ఈ-బుక్, ఆడియో, అనువాదం, సినిమా అని దేనికది విడివిడిగా రాయించుకోండి.

డబ్బు లెక్క కూడా తెలిసుండాలి. 200 రూపాయల పుస్తకం, 500 ప్రతులు, పది శాతం రాయల్టీ అనుకుందాం. అన్నీ అమ్ముడుపోతే మీకొచ్చేది 10,000. కొందరు రాయల్టీకి బదులు కాపీలే ఇస్తారు. ఇది బతకడానికి సరిపోయే డబ్బు కాదు. కానీ మీ చేతి నుంచి రూపాయి పోలేదు, పుస్తకం మీ అటక ఎక్కలేదు.

ఇంకొక్క మాట, మన ప్రాంతం వాళ్లకి. మన కథల్లో మనుషులు "ఏటి", "ఎల్తన్నాను" అంటారు. ప్రూఫు దిద్దేవాళ్లు అది తప్పనుకుని "ఏమిటి", "వెళ్తున్నాను" చేసెయ్యచ్చు. రావిశాస్త్రి గారు ఈ భాషలో రాసిన తర్వాత కూడా మనం సర్దుకోనక్కర్లేదు. కథ బిగువు కోసం ఒక పేరా కొయ్యమంటే వినండి. పాత్రల నోటి మాట మారిస్తే మాత్రం ఎందుకని అడగండి. ఆఖరి ప్రూఫు నాకు చూపించాలి అని ముందే రాయించుకోండి.

విజయనగరం జిల్లా నుంచే బాల సుధాకర్ మౌళి 2018లో కవిత్వానికి సాహిత్య అకాడెమీ యువ పురస్కారం అందుకున్నారు. పార్వతీపురం నుంచి బెలగాం భీమేశ్వరరావు గారు 2019లో బాల సాహిత్య పురస్కారం అందుకున్నారు. హైదరాబాదులో ఉంటేనే గుర్తింపు అని ఎవరైనా అంటే ఈ రెండు పేర్లు చెప్పండి.

ఆ అమ్మాయి నలభై వేలు కట్టలేదు. రెండు కథలు పత్రికలకి పంపింది. ఒకటి అచ్చయింది, ఒకటి తిరిగొచ్చింది. తిరిగొచ్చినదాన్ని ఇప్పుడు మళ్లీ రాస్తోంది. పుస్తకం ఇంకా రాలేదు. రావడానికి రెండేళ్లు పట్టొచ్చు. వెళ్లేటప్పుడు మా అటక మీంచి ఒక కాపీ అడిగి తీసుకుంది, డబ్బులిచ్చి మరీ. ఈ ఏడాదిలో అమ్ముడుపోయిన మొదటి కాపీ అదే.

వచ్చే ఎపిసోడ్‌లో ప్రచురణకర్తకి రాసే ఆ ఒక్క పేజీ ఉత్తరం ఎలా ఉండాలో వాక్యం వాక్యం చూద్దాం. ఉంటానండి, నమస్కారం.